లోడా, లీకేజీయా?

వాదించుకున్న ఇద్దరూ నాకు బాగా కావలసినవాళ్ళు. సూర్యనారాయణ గారు కరెంటు డిపార్ట్‌మెంటులో డీఈగా చేసి రిటైరయ్యారు. డెబ్భై దాటాయి. అవధానం ఎక్కడ జరిగినా ముందు వరసలో కనిపిస్తారు. ఆయన మేనకోడలు ప్రసన్న హైదరాబాదులో ఒక మతిమరుపు క్లినిక్కులో సైకాలజిస్టు. పెద్దవాళ్ళకు జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టడమే ఆమె ఉద్యోగం. గొడవకు మూలం వాట్సాప్‌లో తిరిగే ఒక ఫార్వర్డు. అరవై దాటిన వాళ్ళ మెదడు కుడి ఎడమలు రెండింటినీ కలిపి వాడుతుందట, అందుకే పెద్దవాళ్ళ బుర్ర కుర్రవాళ్ళ బుర్ర కంటే పదునట. లెక్క ప్రకారం పెద్దాయన మురిసిపోవాలి, చదువుకున్న పిల్ల పెదవి విరవాలి. ఇక్కడ తిరగబడింది. మధ్యలో కాఫీల గురించీ నీళ్ళ మోటారు గురించీ నడిచిన మాటలు తీసేసి మిగతాది ఇస్తున్నాను.

మావయ్య: ఈ మెసేజీ నాకు ముగ్గురు పంపారు. ముగ్గురూ పెన్షనర్లే. ముసలాళ్ళని బుజ్జగించడానికి ఎవడో తీరిగ్గా కూర్చుని రాశాడు. ఇది తప్పని నువ్వు గ్రూపులో ఒక ముక్క పెట్టు.

ప్రసన్న: పెట్టను మావయ్యా. అందులో సగం నిజం ఉంది.

మావయ్య: ఏ సగం?

ప్రసన్న: రెండు వైపులా అన్న సగం. కుర్రవాళ్ళని స్కానర్లో పడుకోబెట్టి ఏవో మాటలిచ్చి గుర్తుపెట్టుకోమంటే, నుదుటి వెనకున్న మెదడులో ఎడమ పక్క ఎక్కువ పనిచేస్తుంది. తర్వాత అవే మాటల్ని గుర్తుచేసుకోమంటే కుడి పక్క. టొరంటోలో ఎండెల్ టుల్వింగ్, ఆయన తోటివాళ్ళు 1990ల్లో దీన్ని గమనించారు. పెద్దవాళ్ళలో ఈ తేడా చెరిగిపోయి రెండు పక్కలా వెలుగుతుంది. 2002లో రాబర్టో కబేజా ఇంకో అడుగు వేశాడు. కుర్రవాళ్ళని ఒక గుంపు చేశాడు. పెద్దవాళ్ళని మాత్రం రెండు గుంపులు చేశాడు, పరీక్షలో కుర్రవాళ్ళతో సమానంగా వచ్చినవాళ్ళు ఒకటి, వెనకబడినవాళ్ళు ఒకటి. రెండు పక్కలా వాడింది ఏ గుంపో చెప్పండి.

మావయ్య: వెనకబడినవాళ్ళే. దారి తెలియనివాడేగా అన్ని సందులూ తిరిగేది.

ప్రసన్న: కాదు. వాళ్ళు కుర్రవాళ్ళలాగే కుడి పక్క మీదే ఆధారపడ్డారు, పని కాలేదు. రెండో పక్కని కూడా దింపింది బాగా చేసిన పెద్దవాళ్ళు. అంటే ఒక పక్క సత్తువ తగ్గితే రెండో పక్క చెయ్యి వేస్తోందన్న మాట. నా వాదన అదే.

మావయ్య: ఆగు. నేను సబ్‌స్టేషన్ల మధ్యే బతికాను. ఒక ఫీడర్ మీద కరెంటు పెరిగినట్టు మీటరు చూపిస్తే దానికి రెండు అర్థాలు. ఊళ్ళో లోడు పెరిగి ఉండొచ్చు. ఎక్కడో తీగ తెగి చెట్టుకు తగిలి ఎర్తుకి పోతూ ఉండొచ్చు. ముల్లు రెండింటికీ ఒకేలా కదులుతుంది. ఆ ఒక్క మీటరే చూసి ఇది లోడో లీకేజీయో తేల్చిన మొనగాణ్ణి నేనైతే చూళ్ళేదు. మీవాళ్ళు ముల్లు కదిలింది కాబట్టి ఊరు బాగుపడిందంటున్నారు.

ప్రసన్న: ముల్లు ఒక్కటే చూడలేదుగా. మార్కులు కూడా చూశారు.

మావయ్య: అసలు ఆ స్కానర్ కొలిచేదేమిటి? న్యూరాన్ల పనేనా?

ప్రసన్న: నేరుగా కాదు. రక్తాన్ని. మెదడులో ఏ చోట పని పెరిగితే ఆ చోటికి ఆక్సిజన్ నిండిన రక్తం ఎక్కువగా వస్తుంది. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్‌కీ లేని హిమోగ్లోబిన్‌కీ అయస్కాంత గుణంలో తేడా ఉంది. సెయిజీ ఒగావా 1990లో చూపించిందదే. ఇవాళ ఎమ్మారైలో మెదడు వెలిగే బొమ్మల్లో చాలావరకు ఆ తేడా మీద నడుస్తున్నవే. మొదట్లో చేసిన పెట్ స్కాన్లూ అంతే, చాలావరకు రక్త ప్రవాహాన్నే చూసేవి.

మావయ్య: మరి నా రక్తనాళాలూ నీ రక్తనాళాలూ ఒకటేనా? ఎన్నేళ్ళ నుంచి బీపీ మాత్ర వేసుకుంటున్నానో నీకు తెలుసు.

ప్రసన్న: ఒకటి కావు. వయసుతో నాళాలు బిగుసుకుంటాయి, రక్తం స్పందించే తీరు మారుతుంది. అందుకే జాగ్రత్తగల వాళ్ళు ముందు ఊపిరి బిగబట్టించి ఆ మనిషి నాళాలు ఎంత స్పందిస్తున్నాయో చూసి, దాన్ని బట్టి లెక్క సరిచేస్తారు. అందరూ ఆ పని చెయ్యరు, ఒప్పుకుంటాను.

మావయ్య: ఒప్పుకున్నావు కదా, అది రాసుకో. ఇంకో సంగతి. గుర్తుండటమంతా చెవి లోపలెక్కడో ఉండే భాగంతో అని నువ్వే చెప్పావొకసారి. ఇప్పుడు నుదురంటున్నావు.

ప్రసన్న: రెండూ కావాలి. మీరంటున్నది హిప్పోకాంపస్. చెరో పక్కా ఒకటి, చెవికి సూటిగా లోపలికి వెళితే ఉంటుంది. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో విలియం స్కోవిల్ అనే సర్జను హెన్రీ మొలైసన్ అనే ఇరవై ఏడేళ్ళ కుర్రాడికి మూర్ఛలు తగ్గించడానికి రెండు పక్కలా ఆ ప్రాంతాన్ని తీసేశాడు. మూర్ఛలు చాలా తగ్గాయి, కొత్త విషయం నిలవడం మాత్రం పోయింది. డాక్టరు గదిలోంచి బయటికెళ్ళి తిరిగొస్తే మళ్ళీ పరిచయం చేసుకోవాల్సిందే. 2008లో చనిపోయేదాకా అలాగే బతికాడు. బ్రెండా మిల్నర్ అతని చేత ఒక పని చేయించింది. కాగితం మీద నక్షత్రం బొమ్మ, రెండు గీతలతో. ఆ రెండు గీతల మధ్య సందులోంచి పెన్సిల్ పోనివ్వాలి. చెయ్యి కనపడదు, అద్దంలో చూస్తూ గియ్యాలి. ఎవరికైనా మొదట చెయ్యి వంకర్లు పోతుంది. హెన్రీకి రోజురోజుకీ గీత తిన్నగా వచ్చింది. కానీ ఈ పని ఇదివరకు చేశావా అంటే ఎప్పుడూ చెయ్యలేదనేవాడు.

మావయ్య: చేతికి గుర్తుంది, మనిషికి లేదు.

ప్రసన్న: అంతే. అప్పుడే జ్ఞాపకం ఒకటి కాదని తేలింది. సంఘటనల్ని పట్టి ఉంచే జ్ఞాపకానికి హిప్పోకాంపస్ కావాలి. పెళ్ళిలో ఒకాయన కలిశాడనుకోండి. ఆయన మొహం, పేరు, పక్కన మోగుతున్న సన్నాయి, ఇవి మెదడులో తలో చోట నమోదవుతాయి. వాటిని కలిపి ఒకే సంగతిగా ముడి వేసేది అది. నుదుటి వెనక భాగం చేసేది వేరు. వేటి మీద దృష్టి పెట్టాలో ఎంచడం, తర్వాత వెతకడం, వెతికితే దొరికింది సరైనదా కాదా అని చూడడం.

మావయ్య: అయితే ముసలితనమంటే కొంచెం కొంచెంగా హెన్రీ అయిపోవడమా?

ప్రసన్న: అస్సలు కాదు. మీ చిన్నప్పుడు రోజుకిన్ని న్యూరాన్లు చచ్చిపోతాయని చెప్పేవారు చూడండి, అది నిలబడలేదు. 1990ల్లో జాగ్రత్తగా లెక్కపెట్టి చూస్తే, జబ్బులేని పెద్దవాళ్ళ హిప్పోకాంపస్‌లో ముఖ్యమైన చోట కణాలు దాదాపు అలాగే ఉన్నాయి. అల్జీమర్స్ వచ్చినవాళ్ళలో మాత్రం అదే చోట భారీగా పోయాయి. మామూలు వయసులో ఎక్కువగా సన్నబడేది కణాల మధ్య లంకెలు. అందులోనూ నుదుటి వెనక భాగం ముందుగా దెబ్బతింటుంది. దానికి తోడు డోపమైన్ తగ్గుతుంది, హిప్పోకాంపస్ కూడా కొంత కుదించుకుపోతుంది. అందుకే మొహం గుర్తుంటుంది, పేరు తెలిసిన పేరే, ఆ మొహానికి ఆ పేరు అన్న ముడి దగ్గర పెద్దవాళ్ళు తడబడతారు.

మావయ్య: నిన్న రాధమ్మ గారి అబ్బాయిని చూసి...

ప్రసన్న: చూశాను. ‘ఏమోయ్, బావున్నావా’ అని పేరు దాటేశారు.

(ఇక్కడ పెద్దాయన నవ్వారు. పేరు దాటెయ్యడానికి తెలుగులో ఉన్నన్ని మర్యాదైన దార్లు ఇంకే భాషలోనైనా ఉన్నాయా అని నాకు అనుమానం. అబ్బాయ్, అన్నయ్యగారూ, మాస్టారూ: పేరు అవసరమే లేకుండా ఒక జీవితం లాగించెయ్యొచ్చు.)

ప్రసన్న: మా దగ్గర పెట్టే పరీక్షలో అసలు సంగతి కనిపిస్తుంది. కొన్ని మాటలు చదివి వినిపిస్తాం. గొడుగు, తాళం, చింతపండు, రైలు, ఇలా. మధ్యలో వేరే పనులు చేయించి, కాసేపయ్యాక అడుగుతాం. ఒక పెద్దావిడ మూడు చెప్పి ఆగిపోయింది. నా బుర్ర బూడిదైపోయిందమ్మా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడు నేను విన్నవీ విననివీ కలిపి ఒక్కొక్కటే చదివి ‘ఇది ఉందా?’ అని అడిగాను. వరసగా పట్టేసింది. ‘చెంబా? చెంబు అనలేదు నువ్వు, తాళం అన్నావు’ అని నన్నే దిద్దింది. ఆవిడ దగ్గర సరుకుంది, తనంతట తాను వెతికి తీసుకోవడమే కష్టమవుతోంది. అల్జీమర్స్ ముదిరినవాళ్ళకి ఇలా అందించినా లాభముండదు. పైగా చెప్పని మాటలకి కూడా ఉంది, ఉంది అంటారు.

మావయ్య: అంటే ఎదటివాడు అందిస్తే వస్తుంది.

ప్రసన్న: ఎదటివాడే అందించక్కర్లేదు, పాత చదువు అందించినా చాలు. అలన్ కాస్టెల్ అనే ఆయన 2005లో కుర్రవాళ్ళకీ పెద్దవాళ్ళకీ కిరాణా సరుకులు చూపించి ధరలు గుర్తుపెట్టుకోమన్నాడు. కొన్ని బజారులో ఉండే ధరలు, కొన్ని అడ్డదిడ్డంగా పెట్టినవి. అడ్డదిడ్డం ధరల్లో పెద్దవాళ్ళు వెనకబడ్డారు. బజారు ధరల్లో కుర్రవాళ్ళతో సమానంగా వచ్చారు.

మావయ్య: కందిపప్పు ధర నన్నడుగు, చెప్తాను. అయితే ఇదే అవధానంలోనూ జరుగుతుందన్న మాట. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకడు సమస్య ఇస్తాడు, ఒకడు దత్తపది, నిషిద్ధాక్షరివాడు అక్షరం అక్షరానికీ అడ్డుపడతాడు. అప్రస్తుత ప్రసంగంవాడు మధ్యలో వంకాయ కూర గురించి అడుగుతాడు, ఇంకొకడు గంట కొడుతుంటాడు, అవెన్నో లెక్కపెట్టుకోవాలి. అవధాని ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చెబుతూ పోయి, నాలుగు ఆవృత్తులయ్యాక పద్యాలన్నీ ధారణలో అప్పజెప్పాలి. డెబ్భైకి దగ్గరపడినవాళ్ళు కూడా తడుముకోకుండా చెప్పగా విన్నాను. కుర్ర అవధానులే ఒక్కోసారి రెండో పాదం దగ్గర ఆగి పైకి చూస్తారు.

ప్రసన్న: అక్కడ పద్యమే ఆసరా. ఉత్పలమాల అనుకున్నాక ఎన్ని గణాలు, యతి ఎక్కడ, ప్రాసాక్షరం ఏది, అన్నీ ముందే ఖాయం. మొదటి పాదంలో రెండో అక్షరం గుర్తొస్తే మిగతా మూడు పాదాల్లో అదే చోట ఏ హల్లు ఉండాలో తెలిసిపోయినట్టే. వెతకాల్సిన చోటు ఇంత ఉన్నది ఇంతే అవుతుంది. నలభై ఏళ్ళు ఛందస్సులో మునిగినవాడికి ఈ లెక్క చేతిలో పని. మీరు వాళ్ళకే బజారు ధరల్లేని సరుకు ఇవ్వండి, అంటే ఛందస్సు లేని అంకెల వరస, వయసు బయటపడుతుంది.

మావయ్య: సాధనతో మెదడే మారుతుందని పేపర్లో వచ్చింది. వేదపండితుల మీద చేశారట.

ప్రసన్న: అవును, హర్యానాలో మనేసర్ దగ్గర జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో. 2016లో వచ్చింది. ఇరవై ఒక్కమంది పండితులు, వాళ్ళకి సాటిగా ఇరవై ఒక్కమంది మామూలువాళ్ళు. పండితుల్లో మెదడు పైపొర చాలా చోట్ల దట్టంగా ఉంది, కుడి హిప్పోకాంపస్‌లోనూ తేడా కనిపించింది.

మావయ్య: వాళ్ళంతా కుర్రవాళ్ళే కదూ?

ప్రసన్న: కుర్రవాళ్ళే.

మావయ్య: అయితే వల్లె వెయ్యడం వల్ల మెదడు అలా పెరిగిందా, అలాంటి మెదడున్న పిల్లలే పాఠశాలలో నిలబడి మిగతావాళ్ళు ఇంటికి పోయారా?

ప్రసన్న: ఆ అధ్యయనం ఒక్కదానితో చెప్పలేం. లండన్ టాక్సీ డ్రైవర్ల మీద మాత్రం ఆ అనుమానం తీర్చే పని జరిగింది. అక్కడ లైసెన్సు రావాలంటే పాతికవేల వీధులు కంఠస్థం చెయ్యాలి, ఏళ్ళు పడుతుంది. ఎలినార్ మెగ్వైర్ మొదట 2000లో డ్రైవర్లనీ మామూలువాళ్ళనీ పోల్చింది. మీలాంటివాళ్ళు ఇదే ప్రశ్న వేశారు. 2011లో శిక్షణకి ముందూ తర్వాతా అదే మనుషుల్ని కొలిచి చూపించింది. మొదట్లో అందరూ ఒకలాగే ఉన్నారు. పాసైనవాళ్ళలోనే హిప్పోకాంపస్ వెనక భాగం పెరిగింది.

మావయ్య: ఇది లెక్క. ముందూ తర్వాతా అదే మనిషిని చూడటం. మీ రెండు పక్కల కథకి ఇలాంటిది ఉందా?

ప్రసన్న: వస్తున్నాను. ముందు మన హైదరాబాదు సంగతి చెప్పనివ్వండి. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 2013లో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు ప్రకటించింది. రెండో భాష వచ్చినవాళ్ళలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. అక్షరం ముక్క రానివాళ్ళలోనూ తేడా ఉంది. విదేశాల్లో ఇలాంటివి చేస్తే రెండు భాషలవాళ్ళు ఎక్కువమంది వలస వచ్చినవాళ్ళై ఉండేవారు, తేడా భాషదో వలసదో తెలిసేది కాదు. మన దగ్గర తోపుడుబండి మీద జామకాయలమ్మే ఆవిడ కూడా తెలుగూ ఉర్దూ రెండూ మాట్లాడుతుంది.

మావయ్య: మాట్లాడుతుంది, నిజమే. పొద్దున్న లేచి బండి తోసుకుంటూ నాలుగు పేటలు తిరుగుతుంది, నోట్లు లెక్కపెడుతుంది, వందమందితో బేరమాడుతుంది. కాపాడింది ఉర్దూవా, బేరమా?

ప్రసన్న: (కాసేపాగి) ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని ముందే చేర్చుకుని ఏళ్ళ తరబడి వాళ్ళ వెంట నడిచిన కొన్ని అధ్యయనాల్లో భాష ప్రభావం అంత గట్టిగా కనపడలేదు. ఆ మాట దాచను.

మావయ్య: దాచవని తెలుసు. ఇప్పుడు లీకేజీ దగ్గరికి రా. నువ్వు నాకు పంపిన కాగితాల్లోనే ఉంది. జాన్స్ హాప్కిన్స్‌వాళ్ళు, 2012. మతిమరుపు మొదలైనవాళ్ళ హిప్పోకాంపస్ మామూలు కంటే ఎక్కువగా పనిచేస్తోందట. నీ లెక్కన అది సాయం కావాలి. వాళ్ళేం చేశారు? మూర్ఛమందు కొద్ది మోతాదులో ఇచ్చి ఆ హడావుడి తగ్గించారు. తగ్గిస్తే పరీక్షలో మెరుగయ్యారు! సాయాన్ని తగ్గిస్తే పని మెరుగవుతుందా? లీకేజీ ఆపితే మెరుగవుతుంది.

ప్రసన్న: అది నిజమే. మైకేలా గల్లాఘర్ బృందం చేసింది. అలాగని మందులషాపుకి వెళ్ళకండి, అది రోగుల మీద కొలిచి ఇచ్చిన పరీక్ష మోతాదు. పైగా అది హిప్పోకాంపస్ సంగతి, జబ్బు మొదలైనవాళ్ళ సంగతి. నేను మాట్లాడుతున్నది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ నుదుటి భాగం.

మావయ్య: దానికీ ఉంది. కేంబ్రిడ్జివాళ్ళు 2018లో.

ప్రసన్న: అలెక్సా మోర్కమ్, రిచర్డ్ హెన్సన్. కుర్రవయసు నుంచి ముసలితనం దాకా రకరకాల వయసులవాళ్ళని చూశారు. వయసుతో నుదుటి భాగంలో చురుకు పెరిగింది. కానీ ఆ పెరిగిన చురుకులో, ఇది గుర్తుంటుందా ఉండదా అని చెప్పగల కొత్త సమాచారమేమీ లేదు. పని ఎక్కువ, ఫలితం అంతే.

మావయ్య: ఎర్తుకి పోతోంది.

(ఈ ఘట్టంలో పెద్దాయనదే పైచేయి. ప్రసన్న మొహంలో కూడా అది కనిపించింది. అయితే ఆవిడ దగ్గర ఇంకో కాగితం మిగిలే ఉంది.)

ప్రసన్న: మీరు లీకేజీని పట్టుకోవడానికి ఏం చేసేవారు?

మావయ్య: ఒక్కో సెక్షను కట్ చేసి చూస్తాం. తీసేస్తే ఏ ఊరికి కరెంటు పోయిందో ఆ తీగ ఆ ఊరికి పనిచేస్తున్నట్టు. ఏ ఊరికీ పోకపోతే అది దండగ.

ప్రసన్న: మెదడుకీ ఆ పని చేశారు. తల మీద బయట నుంచి అయస్కాంతపు తీగచుట్ట పెట్టి, ఒక చోటిని కొద్ది క్షణాలు తికమక పెట్టొచ్చు. నొప్పి లేదు, కాసేపట్లో మామూలైపోతుంది. ఇటలీలో సిమోనె రోసీ బృందం 2004లో చేసింది. కుర్రవాళ్ళు తాము చూసిన బొమ్మల్ని గుర్తుపట్టేటప్పుడు కుడి పక్క తికమక పెడితే ఎక్కువ తప్పులు చేశారు, ఎడమ పక్క పెడితే అంతగా లేదు. పెద్దవాళ్ళలో ఆ తేడా పోయింది, ఏ పక్క కదిపినా గుర్తుపట్టడం చెడింది. కట్ చేస్తే ఊరు చీకటైంది. అప్పుడది దండగ తీగ ఎలా అవుతుంది?

మావయ్య: ... (గ్లాసు కింద పెట్టి) ఇది ముందే చెప్పవేం?

ప్రసన్న: మీరు చెప్పనిస్తేగా.

మావయ్య: సరే. ఆ పక్క పనిచేస్తోంది. పనిచేస్తోందంటే సాయం చేస్తోందని కాదు. ఇదివరకు ఒకడు మోసే బరువుని ఇప్పుడు ఇద్దరు మోస్తుంటే ఇద్దరిలో ఎవర్ని తీసినా బరువు పడిపోతుంది. అసలు ఆ మనిషి బుర్రలో మొదట్నించీ ఇద్దరే మోస్తున్నారేమో? నా ప్రశ్న అక్కడే ఉంది. నాకు ఇరవై ఏళ్ళప్పుడు నా బుర్ర స్కాను తీసినవాడు లేడు. ఇవాళ నన్నూ ఎవడో ఇంజనీరింగు కుర్రాణ్ణీ పక్కపక్కన పెట్టి, ఇదిగో వయసు ఈ పని చేసిందంటే ఎలా? వాడు నాలాగ కిరోసిన్ దీపం కింద చదివాడా?

ప్రసన్న: దానికే వస్తున్నానన్నాను. స్వీడన్లో ఉమెయొ అనే ఊళ్ళో 1988లో ఒక అధ్యయనం మొదలైంది, బేతులా అని. అవే మనుషుల్ని కొన్నేళ్ళకోసారి పిలిచి కొలిచారు. లార్స్ నైబర్గ్ బృందం అందులోంచి కొంతమందికి ఆరేళ్ళ ఎడంతో రెండుసార్లు స్కాన్ తీసి 2010లో చెప్పింది. ఒకే సమయంలో వయసు తక్కువవాళ్ళనీ ఎక్కువవాళ్ళనీ పోలిస్తే మామూలు కథే, పెద్దవాళ్ళ నుదుటి భాగం ఎక్కువ వెలుగుతోంది. కానీ ఒక్కో మనిషిని ఆరేళ్ళ కిందటి తనతోనే పోల్చి చూస్తే ఆ వెలుగు తగ్గింది.

మావయ్య: తగ్గిందా? పెరగడమే కదా నీ కథ.

ప్రసన్న: మీ కథ కూడా. లీకేజీ అయితే తీగ పాతబడేకొద్దీ పెరగాలిగా. పెరగలేదు. ఎక్కువ వెలిగిన పెద్దవాళ్ళెవరని చూస్తే, మొదట్నించీ మెరుగ్గా ఉన్నవాళ్ళు. ఏళ్ళ తరబడి ఓపిగ్గా వచ్చి స్కానర్లో పడుకోగలిగేవాళ్ళు ఆరోగ్యంగా, చదువుకుని, చలాకీగా ఉన్నవాళ్ళే కదా. నలతగా ఉన్నవాళ్ళు మధ్యలో మానేస్తారు. మిగిలినవాళ్ళ బొమ్మని చూసి మనం వయసు బొమ్మ అనుకున్నాం.

మావయ్య: చూశావా, పండితుల మీద నేనడిగిందీ ఇదే. నిలబడ్డవాళ్ళని మాత్రమే లెక్కపెట్టడం.

ప్రసన్న: అవును, అదే. అందుకే నైబర్గ్, ఆయన తోటివాళ్ళు 2012లో ఇంకో మాటన్నారు. ముసలితనంలో జ్ఞాపకం బాగా ఉన్నవాళ్ళలో చాలామందికి ఆ బలం కొత్త సాయాల వల్ల వచ్చింది కాదు. వాళ్ళ మెదడు తక్కువ చెడింది, కుర్రవాళ్ళ మెదడులాగే మిగిలింది. దాని పక్కనే నా వాదన కూడా కొంతమంది విషయంలో నిలుస్తుంది, తికమక పెట్టిన ప్రయోగం వల్ల. ఎవరిలో ఎంత అన్నది బొమ్మ చూసి చెప్పలేం.

మావయ్య: మరి వాట్సాప్‌లో ఏమని రాస్తావు?

ప్రసన్న: కొందరు పెద్దవాళ్ళలో రెండు పక్కలా పనిచేస్తుంది, అంతమాత్రాన కుర్రవాళ్ళకంటే పదునని కాదు అని.

మావయ్య: అది ఎవడూ ఫార్వర్డు చెయ్యడు. పోనీ, తక్కువ చెడటం మన చేతిలో ఉందా?

ప్రసన్న: కొంత. 2024లో లాన్సెట్ కమిషను పద్నాలుగు కారణాలు చెప్పింది. చదువు, బీపీ, షుగరు, పొగ, ఒంటరితనం, అలా. అన్నీ సరిచెయ్యగలిగితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో 45 శాతం దాకా ఆపడమో వాయిదా వెయ్యడమో కుదరొచ్చని వాళ్ళ అంచనా. అందులో చెవుడు కూడా ఉంది.

మావయ్య: ఇప్పుడు నా చెవుల మీదికొచ్చావన్న మాట.

ప్రసన్న: టీవీ శబ్దం వీధి చివరకి వినిపిస్తోంది మావయ్యా. రాధమ్మ గారబ్బాయి పేరు మీరు మర్చిపోయారో, ఆవిడ చెప్పినప్పుడు అసలు వినపడలేదో ఎవరికి తెలుసు? సగం వినపడ్డ మాటని పూరించుకోవడానికే బుర్ర ఖర్చైపోతే, దాన్ని దాచుకోవడానికి ఇంకేం మిగులుతుంది?

మావయ్య: చెవి మిషను పెట్టుకున్నవాళ్ళకి మతిమరుపు తక్కువని చెప్తావు. మిషను కొనుక్కోగలవాడు, దాన్ని రోజూ చెవిలో పెట్టుకునే ఓపికున్నవాడు, వాడు మొదట్నించీ మెరుగైనవాడు కాదూ?

ప్రసన్న: అవుననే అనుకుని అమెరికాలో లాటరీ తీసినట్టు పంచారు. 977 మంది, డెబ్భై నుంచి ఎనభై నాలుగేళ్ళవాళ్ళు. సగంమందికి మిషన్లు, సగంమందికి ఆరోగ్య పాఠాలు. ఎవరికేది అన్నది వాళ్ళిష్టం కాదు. 2023లో ఫలితాలొచ్చాయి.

మావయ్య: ఏమొచ్చింది?

ప్రసన్న: మూడేళ్ళకి, అందర్నీ కలిపి చూస్తే తేడా లేదు.

మావయ్య: అదీ!

ప్రసన్న: వినండి. వాళ్ళలో ఒక గుంపు ఎప్పట్నించో ఒక గుండెజబ్బుల అధ్యయనంలో ఉన్నవాళ్ళు. వయసూ ఎక్కువ, బీపీ షుగర్లూ ఎక్కువ. ఆ గుంపులో మాత్రం మిషను పెట్టుకున్నవాళ్ళకి మందగించడం 48 శాతం నెమ్మదించింది.

మావయ్య: నాకు షుగర్లేదు. బీపీ ఒక్కటే.